అర మీటరు ఎత్తు: ఒక పాత ఓవల్‌ని రగ్బీ లీగ్ మైదానంగా మార్చిన కేసు

ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో, సిడ్నీకి బాగా దూరంగా ఉన్న ఒక చిన్న ఊరి మైదానం ఇది. ఊరి పేరు, క్లబ్బుల పేర్లు, ఏ ఏడాది జరిగిందీ చెప్పను. ఎవరూ పోల్చుకోకుండా కొలతల్ని కూడా కాస్త అటూ ఇటూ జరిపాను. వాటి మధ్య లెక్క మాత్రం చెడనివ్వలేదు, ఎందుకంటే ఈ కేసులో నేర్చుకోవలసిందంతా ఆ లెక్కలోనే ఉంది. నేను సివిల్ ఇంజినీరుని. మైదానాల డ్రైనేజీ, గ్యాలరీలు నా పని. ఇందులో నేను చేసిన తప్పు కూడా ఒకటుంది, దాన్ని దాచలేదు.

నేపథ్యం

రగ్బీ లీగ్ తెలియనివాళ్ళకు రెండు ముక్కలు. జట్టుకు 13 మంది. బంతి పట్టుకున్నవాణ్ణి పడగొట్టడం, లేచి మళ్ళీ మొదలుపెట్టడం, అలా ఆరు టాకిళ్ళు. కబడ్డీ చూసి పెరిగిన కంటికి ఇది త్వరగానే పట్టుబడుతుంది. 15 మంది ఆడే రగ్బీ యూనియన్ వేరే ఆట. ఇంగ్లండులో 1895లో రెండూ విడిపోయాయి. సిడ్నీలోనూ బ్రిస్బేన్‌లోనూ జనం పిచ్చిగా చూసేది లీగ్‌నే. లీగ్ మైదానం గోల్ లైన్ నుంచి గోల్ లైన్‌కి 100 మీటర్లు, వెడల్పు 68. రెండు చివర్లా ఇన్‌గోల్ అని 6 నుంచి 11 మీటర్ల పట్టీ ఉంటుంది. ఆటగాడు ఆ పట్టీలో బంతిని నేలకు ఆనించాలి. అదే ట్రై.

అంటే దీనికి కావలసింది దీర్ఘచతురస్రం. ఫుట్‌బాల్‌కీ యూనియన్‌కీ కూడా అంతే. ఆస్ట్రేలియాలో పాత మైదానాలు చాలావరకు క్రికెట్ కోసమో, ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్ కోసమో గుండ్రంగా కట్టినవి. సిడ్నీలో లైకార్ట్, బ్రూక్‌వేల్, కోగరా మైదానాలకు పేరు చివర ‘ఓవల్’ అని ఉన్నా అక్కడ చూసేది లీగే. గుండ్రటి మైదానం మధ్యలో పొడుగాటి ఆట పెడితే పక్కల బోలెడు ఖాళీ మిగిలి, ప్రేక్షకుడు ఆటకు దూరమైపోతాడు. హైదరాబాదు గచ్చిబౌలి స్టేడియంలో రన్నింగ్ ట్రాక్ అవతల నుంచి ఫుట్‌బాల్ చూసినవాళ్ళకు ఈ బాధ వేరే చెప్పక్కర్లేదు.

పెద్ద ఊళ్ళలో దీనికి డబ్బుతో జవాబు చెప్తారు. 2000 ఒలింపిక్స్ కోసం సిడ్నీలో కట్టిన ‘స్టేడియం ఆస్ట్రేలియా’లో కింది గ్యాలరీలు ముందుకీ వెనక్కీ కదులుతాయి. దాన్ని శాశ్వతంగా దీర్ఘచతురస్రంగా మార్చేద్దామనుకున్న పథకాన్ని రాష్ట్ర ప్రభుత్వం 2020లో పక్కన పెట్టేసింది. సిడ్నీ పడమటి వైపున్న పారమాటాలో పాతదాన్ని పడగొట్టి, 30,000 సీట్లతో నిటారు గ్యాలరీలున్న కొత్త స్టేడియాన్ని 2019లో తెరిచారు. ఈ చిన్న ఊరి కౌన్సిల్‌కి ఆ రెండు దారులూ లేవు.

వాళ్ళ దగ్గర ఉన్నది ఒక ఓవల్. దాని పడమటి వైపు ఎనభై ఏళ్ళు దాటిన చెక్క స్టాండు ఒకటి. వారసత్వ కట్టడం కాబట్టి ముట్టుకోవడానికి లేదు. తూర్పున గడ్డి దిబ్బ, మధ్యలో క్రికెట్ పిచ్‌ల చదరం, నాలుగు దీపాల స్తంభాలు.

వచ్చిన సమస్య

కౌన్సిల్ నన్ను పిలిచింది డ్రైనేజీ కోసం. గ్యాలరీ సంగతి ఎవరి నోటా రాలేదు. “మధ్యలో నీళ్ళు నిలుస్తున్నాయి, మ్యాచ్‌లు ఆగిపోతున్నాయి” అన్నారు. వెళ్ళి చూస్తే నీళ్ళు నిలిచేది సరిగ్గా క్రికెట్ చదరం మీదే. నాకంటే ముందు వాళ్ళే ఒక మందు వేసి చూశారు. ఏటా క్రికెట్ అయిపోగానే పిచ్ మీద మట్టి అయిదు సెంటీమీటర్లు గీకేసి, ఇసుక కలిసిన మట్టి పోసి, పైన పచ్చిక చుట్టలు పరిచేవాళ్ళు. రెండు చలికాలాలు అలా చేశారు, రెండూ పోయాయి.

ఎందుకు పోయాయో మన ప్రాంతం రైతుకు చెప్తే ఒక్క మాటలో అర్థమవుతుంది. క్రికెట్ పిచ్‌కి వాడేది మన నల్లరేగడి లాంటి బంకమట్టి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలిస్తుంది, రోలర్‌తో తొక్కితే రాయవుతుంది. దాని మీద పల్చగా ఇసుకమట్టి పోస్తే, వాన నీరు ఆ అయిదు సెంటీమీటర్లలో దిగి బంకమట్టి దగ్గర ఆగిపోతుంది. పళ్ళెంలో తడిగుడ్డ పరిచినట్టే. ఎండ కాసిన వారం మళ్ళీ అదే చోటు గట్టిపడి, పడ్డవాడి భుజం అదిరిపోతుంది. గట్టిదనం కొలవడానికి క్లెగ్ హ్యామర్ అని ఒక పనిముట్టుంది. 2.25 కిలోల గుండుని 45 సెంటీమీటర్ల నుంచి వదిలి, ఎంత కుదుపుతో ఆగిందో చూస్తారు. నేను నాలుగు అడుగులకొకసారి వదులుకుంటూ నడిచాను. చదరం అంచు ఎక్కడుందో కళ్ళు మూసుకుని చెప్పొచ్చు, అంకె అలా ఎగిరిపడింది.

మందు సరిగ్గా వెయ్యకపోవడం కాదు ఇక్కడి సంగతి. క్రికెట్‌కి కావలసింది నీరు పట్టుకునే నేల, రగ్బీకి కావలసింది నీరు వదిలేసే నేల. ఒకే చోట రెండూ అడిగితే ఏటా ఎవరో ఒకరు ఓడిపోతారు. పిచ్‌ని వేరే చోట పెంచి, ట్రేతో సహా ఎత్తి తెచ్చి అమర్చే పద్ధతి ఉంది. ఆస్ట్రేలియా టీవీ యజమాని కెర్రీ ప్యాకర్ పోటీ క్రికెట్ పెట్టినప్పుడు 1970ల చివర్లో మొదలైంది. కానీ అది ఇరవై టన్నులు దాటే బరువు. దాన్ని మోసే బండి, పెట్టే చోటు, చూసుకునే మనిషి, వీటిల్లో ఏ ఒక్కటీ ఆ ఊరి లెక్కల్లో ఇమడదు. కాబట్టి క్రికెట్‌ని ఊళ్ళో ఉన్న రెండో మైదానానికి పంపాలి అని రాశాను. సభలో ఆ మాట చదివినప్పుడు క్రికెట్ క్లబ్ పెద్దాయన నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. న్యాయంగా ఆయన కోపంలో తప్పేమీ లేదు. అక్కడ మొదట ఉన్నది క్రికెట్టే.

కాగితం మీద బాగున్నది

క్రికెట్ వెళ్ళిపోతుందని తేలగానే అందరికీ ఒకే ఆలోచన వచ్చింది. ఇక మైదానం మధ్యలో ఉండక్కర్లేదు కదా, స్టాండు దగ్గరికి జరిపేద్దాం. అప్పటికి స్టాండు మొదటి వరుస నుంచి టచ్‌లైన్‌కి, అంటే మైదానం పక్క గీతకి, 30 మీటర్లు. దాన్ని 7కి తెద్దామన్నారు. పై నుంచి గీసిన బొమ్మలో చూస్తే ముద్దొచ్చింది. లీగ్ క్లబ్బు వాళ్ళు ఆ బొమ్మని అప్పుడే గోడకి తగిలించేశారు కూడా.

నాకు ఎక్కడో తేడా కొట్టింది. అప్పుడే మా ఆఫీసులో చేరిన మన తెలుగు కుర్రాణ్ణి వెంటబెట్టుకుని ఒక శనివారం వెళ్ళాను. 7 మీటర్ల దగ్గర నేల మీద తెల్ల గీత కొట్టించాం. నేను మొదటి వరుసలో కూర్చున్నాను, వాడు నా వెనక.

“గీత కనపడుతోందా?”

“లేదన్నా. మీ టోపీ కనపడుతోంది.”

“టోపీ తీశాను, ఇప్పుడు?”

“ఇప్పుడు మీ తల కనపడుతోంది.”

పసుపు దారం ఒకటి వాడి కంటి దగ్గర పట్టుకుని, గీత దాకా లాగి బిగించాం. దారం నా నెత్తికి తగులుతూ పోయింది. లేచి ఇంకో పది వరుసలు పైకి వెళ్ళి చూశాం, అక్కడా అంతే.

ఇందులో వింత లేదు, లెక్కే ఉంది. వెనకవాడి చూపు ముందువాడి కంటికి ఎంత పైనుంచి పోతుందో దాన్ని సి-విలువ అంటాం. ముందువాడి కంటికీ గీతకీ మధ్య దూరాన్ని మెట్టు ఎత్తుతో హెచ్చించు. అందులోంచి ముందువాడి కంటి ఎత్తు, మెట్టు వెడల్పుల లబ్ధం తీసెయ్యి. మిగిలినదాన్ని వెనకవాడి దూరంతో భాగించు. 90 మిల్లీమీటర్లు వస్తే హాయి. 60 దాకా ఒప్పుకుంటాం. అంతకు దిగితే మెడలు సాచాలి.

ఆ స్టాండులో మెట్టు ఎత్తు 20 సెంటీమీటర్లు, వెడల్పు 80. మొదటి వరుసలో కూర్చున్నవాడి కన్ను నేలకు 2 మీటర్ల ఎత్తు. గీత 30 మీటర్ల దూరంలో ఉంటే రెండో వరుసకు 143 మిల్లీమీటర్లు. అదే 7 మీటర్లకు తెస్తే మైనస్ 26. ఎనభై ఏళ్ళ కిందటి వడ్రంగి ఆ మెట్లని దూరంగా ఆడే క్రికెట్ కోసం ఏటవాలు తక్కువగా కట్టాడు, తన లెక్క తనకి సరిగ్గానే ఉంది. ఆటని దగ్గరికి లాగితే, అందరూ ఆశపడ్డ ఆ దగ్గరితనమే చూపుని చంపేస్తుంది. ఏడు మీటర్లకు 90 రావాలంటే మొదటి మెట్టే 33 సెంటీమీటర్లు ఉండాలి, పైకి పోయేకొద్దీ ఇంకా పెరగాలి. కొత్త స్టేడియాల గ్యాలరీలు ఎక్కుతుంటే కళ్ళు తిరిగేంత నిటారుగా ఉండేది అందుకే. మన స్టాండు మెట్లు మార్చడానికి లేదు.

ఆ రాత్రి మోటెల్‌లో కూర్చుని ఆ లెక్కనే తిరగేశాను. మెట్టు ఎత్తు కదలదు, వెడల్పు కదలదు. కదిలేవి రెండే, దూరమూ కంటి ఎత్తూ. కంటి ఎత్తు అంటే నేల నుంచి కదా. కన్ను దిగకపోతే నేలని లేపొచ్చు! నేల పైకొస్తే లెక్కలో తీసెయ్యాల్సిన లబ్ధం తగ్గుతుంది, చూపు మెరుగవుతుంది. చాలామంది దీనికి తలకిందులుగా అనుకుంటారు, మైదానాన్ని లోతుగా తవ్వితే బాగా కనపడుతుందని. మెట్లు మార్చలేనప్పుడు తవ్వడం అంటే చూపుని ఇంకా పాడుచేసుకోవడమే.

ఇక్కడ నా అసలు పని, అంటే డ్రైనేజీ, కలిసొచ్చింది. మంచి క్రీడా మైదానానికి పైన 30 సెంటీమీటర్ల ఇసుక, దాని కింద 10 సెంటీమీటర్ల కంకర, కంకరలో చిల్లుల పైపులు వెయ్యాలి. మామూలుగా అయితే అంత లోతు తవ్వి, ఆ మట్టిని బయటకు తోలి, అప్పుడు పరుస్తాం. తవ్వకుండా పాత నేల మీదే వాలు కోసం ఓ 10 సెంటీమీటర్లు సరిచేసి పైన పరిచేస్తే? మొత్తం అర మీటరు.

అర మీటరు లేపి, దూరం 7 కాకుండా 12 మీటర్లు పెడితే రెండో వరుసకు 94, పదకొండో వరుసకు 60. లేపకుండా 12 పెడితే అవే 62, 40. అయితే మొత్తం మీటరు లేపి 7 మీటర్లకే పోదామా అని కూడా చూశాను. పై వరుసల్లో మళ్ళీ 40కే దిగింది, పైగా మట్టి రెట్టింపు. లీగ్ క్లబ్బు వాళ్ళకి ఆ 5 మీటర్లు వదులుకోవడం బాధ. నేను అంకెలు చూపించకుండా, ఆ శనివారం దారం పట్టుకున్న ఫోటో చూపించాను. గోడ మీద బొమ్మ తీసేశారు.

పని నడిచిన తీరు

మైదానం 18 మీటర్లు పడమటికి జరిగింది. పాత క్రికెట్ చదరం ఇప్పుడు తూర్పు సగంలో పడింది. దాని మీద కంకర వేసి వదిలేద్దామని కంట్రాక్టరు అన్నాడు. వద్దన్నాను. కింద బంకమట్టి తడికీ ఎండకీ ఉబ్బి తగ్గుతూ ఉంటే, నాలుగేళ్ళకి పైన గుంటలు తేలతాయి. ముప్పై సెంటీమీటర్ల లోతున ఆ నల్లమట్టి తీసేసి, చుట్టుపక్కల మట్టితో నింపి తొక్కించాం. తీసిన మట్టిని పారెయ్యలేదు. క్రికెట్ క్లబ్బు కొత్త పిచ్‌కి అదే మట్టి లారీల్లో పంపాం. ఇది నా ఆలోచన కాదు, గ్రౌండ్స్‌మన్ది. సభలో నేను చెప్పిన పదిహేను నిమిషాల న్యాయం కంటే ఆ మూడు లారీలే ఎక్కువ పనిచేశాయి.

గోల్‌పోస్టుల దగ్గర ఒక చిల్లర చిక్కు. లీగ్‌కి స్తంభాల మధ్య 5.5 మీటర్లు, యూనియన్‌కి 5.6. తేడా అటు 5 సెంటీమీటర్లు, ఇటు 5. నేలలో పాతే గొట్టాలు రెండు జతలు పెడదామంటే ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. చివరికి ఒకే వెడల్పు గొట్టం పెట్టి, లోపల ప్యాకింగ్ అటూ ఇటూ మార్చేలా చేశాం. ఫుట్‌బాల్ రోజున స్తంభాలు పూర్తిగా పీకెయ్యాలి, ఎందుకంటే 105 మీటర్ల ఫుట్‌బాల్ మైదానంలో అవి గోల్ ముందు రెండున్నర మీటర్ల దగ్గర నిలబడి ఉంటాయి.

పచ్చికకి వేసింది ఆస్ట్రేలియావాళ్ళు కౌచ్ అనే గడ్డి. మన గరికే. వినాయక చవితికి దేవుడికి పెట్టే గరికని ఇక్కడ చదరపు మీటరు లెక్కన కొంటారని అమ్మకి ఫోన్లో చెప్తే నమ్మలేదు. గరికకి ఎండ కావాలి, చలికాలంలో నిద్రపోతుంది. లీగ్ ఆడేదేమో మార్చి నుంచి అక్టోబరు మొదటి దాకా, అంటే ఇక్కడి చలికాలం నిండా. అందుకే శరత్తులో పైన రై గడ్డి విత్తుతారు. మాకు వానల వల్ల పచ్చిక పరచడం ఫిబ్రవరి ఆఖరుకి పడింది. ఏప్రిల్లో ఒక ముక్క కోసి లాగితే చాప లేచినట్టు లేచింది, వేరు ఇసుకలోకి దిగనే లేదు. ఆరు వారాలు మ్యాచ్‌లు వేరే చోటికి మార్చమన్నాను. టికెట్లు అమ్ముకున్న క్లబ్బుకి ఆ మాట చెప్పడం తేలిక కాదు. తర్వాత కూడా ముందు ఫుట్‌బాల్, ఆ తర్వాత లీగ్, చివర యూనియన్ అని వరుస పెట్టాం. యూనియన్‌లో స్క్రమ్ అనే తోపులాటలో అటు ఎనిమిది మంది ఇటు ఎనిమిది మంది నిజంగా తోసుకుంటారు. లేత పచ్చికకి అదే చావుదెబ్బ.

చక్రాల కుర్చీల చోట్లు పాత స్టాండులో మొదటి వరుస ముందు నేల మీద ఉండేవి. నేల లేచాక వాళ్ళ కన్ను మైదానానికి ముప్పాతిక మీటరు కూడా పైన ఉండదు. సంప్రదింపుల్లో ఒకావిడ కుర్చీలోంచే “మరి నా లెక్క ఏది?” అని అడిగింది. నా పట్టికలో నిజంగానే ఆ వరుస లేదు. స్టాండు మధ్య ఎత్తులో సీట్లు తీసి వేదిక కట్టాం. ముందువాళ్ళు లేచి నిలబడ్డా కనపడే ఎత్తులో.

నా తప్పు

మొదటి మ్యాచ్ రోజు. స్టాండు మొదటి వరుసలో ఎప్పుడూ కూర్చునే ఒక ముసలాయన విరామంలో నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. “అబ్బాయ్, మూలలో ట్రై పడిందట. నేను రిఫరీ చెయ్యి చూసి తెలుసుకున్నాను.”

ఆయన పక్కన కూర్చుని చూశాను. టచ్‌లైన్‌కి 5 మీటర్ల ఇవతల ప్రకటన బోర్డులు, 90 సెంటీమీటర్ల ఎత్తువి. నేల లేపకుండా ఇదే దూరంలో ఉండుంటే మొదటి వరుస కన్ను 2 మీటర్ల నుంచి వాటి మీదుగా చూసేది, ఇవతలి అంచున కోల్పోయేది ముక్కాలు మీటరు. నేల అర మీటరు లేచింది, దానితో పాటు బోర్డులూ లేచాయి, కన్ను మాత్రం ఉన్నచోటే ఉంది. మైదానం నుంచి చూస్తే ఇప్పుడు కన్ను మీటరున్నర మీద ఉంది. బోర్డు మీదుగా పోయిన చూపు నేలకి తగిలేది టచ్‌లైన్ దాటి అయిదున్నర మీటర్లు లోపల. టచ్‌లైన్ మీద మోకాలి దాకా ఏమీ కనపడదు. ట్రై అంటేనే బంతిని నేలకి ఆనించడం, అది కనపడని సీటుకి డబ్బు తీసుకున్నాం. పైకి పోయేకొద్దీ ఇది తగ్గి పదమూడో వరుసకి పోతుంది, కింద పన్నెండు వరుసల వాళ్ళకీ నా పుణ్యమే.

మనిషి వెనక మనిషి లెక్క వేశాను, మనిషి ముందు బోర్డు లెక్క వెయ్యలేదు. దారం పట్టిన శనివారం అక్కడ బోర్డులు లేవు, కంచె మీద జెండాలే ఉన్నాయి. మన కుర్రాడు “బోర్డులు ఎక్కడ పెడతారన్నా?” అని ఒకసారి అడిగాడు. అది మార్కెటింగ్ వాళ్ళ పని అన్నాను.

దిద్దుబాటు మాత్రం సులువుగానే దొరికింది. ప్రధాన కెమెరా పడమటి స్టాండులోనే ఉంటుంది, అది చూసేది తూర్పు బోర్డులని. పడమటి బోర్డులు ఎక్కడున్నా కెమెరాకి తేడా లేదు. వాటిని స్టాండు అడుగున, పాత నేల మట్టం మీద, కంచెకి ఆనించి పెట్టించాం. అక్కడ బోర్డు పైఅంచు మైదానానికి 40 సెంటీమీటర్లే పైన, చూపుకి అడ్డే రాదు. ప్రకటనదార్లు ఒప్పుకోవడానికి రెండు వారాలు పట్టింది. ఆ రెండు వారాలూ ముసలాయన పదమూడో వరుసలో కూర్చున్నాడు, మెట్లు ఎక్కించినందుకు నన్ను తిట్టుకుంటూ.

ఇప్పుడైతే

ఇలాంటి పని వచ్చినప్పుడు నా కారు డిక్కీలో ఒక ప్లాస్టిక్ కుర్చీ, దారపు ఉండ, 90 సెంటీమీటర్ల అట్టముక్క ఒకటి ఉంటాయి. బోర్డులు, ఆటగాళ్ళ బెంచీలు, కెమెరా దిమ్మ ఎక్కడెక్కడ పెడతారో కాగితం మీద రాయించుకున్నాకే నేల మట్టం ఖాయం చేస్తాను. మట్టం మారినప్పుడల్లా మొదటి వరుస, మధ్య వరుస, చక్రాల కుర్చీ, మూడింటికీ లెక్క మళ్ళీ మొదటి నుంచి. నేల లేపితే నీరు స్టాండు అడుగుకి వాలుతుందని ముందే తెలుసు కాబట్టి అక్కడ కాలువ వేశాం, అది బాగానే పనిచేసింది. తూర్పు దిబ్బని మాత్రం ఇంకా పూర్తిగా దగ్గరికి జరపలేదు. 48 మీటర్ల ఖాళీ మిగిలింది, సగమే నింపగలిగాం. అటువైపు దీపస్తంభాలు రెండూ మార్చాల్సి వచ్చింది, డబ్బు అక్కడ అయిపోయింది. సాయంత్రం మ్యాచ్‌లకి పడమటి ఎండ సూటిగా ఆ దిబ్బ మీదే పడుతుంది. పిల్లలు తప్ప ఎవరూ కూర్చోరు, వాళ్ళు ఆట చూడరు.

నీళ్ళు మళ్ళీ నిలవలేదు. క్రికెట్ వాళ్ళ కొత్త పిచ్ ఆ పాత మట్టితోనే తయారైంది. మొన్న క్యూరేటర్ కనపడితే అడిగాను ఎలా ఉందని. బంతి మోకాలి పైకి లేవట్లేదట, అదీ నా వల్లే అంటాడు.